సీటు చెప్పేదీ, స్క్రీను చెప్పేదీ

ఒక షట్‌డౌన్ పనిలో జరిగిందిది. మరమ్మతుల కోసం ఆపిన ఆ ప్లాంటు పేరు అనవసరం. క్రేన్‌తో, పైన స్ట్రక్చర్ మీదున్న హీట్ ఎక్స్ఛేంజర్‌ని కిందికి దించాలి. డ్రాయింగులో బరువు 4.2 టన్నులు. బోల్టులు విప్పాం, స్లింగులు వేశాం. ఖలాసీ చెయ్యెత్తి "హాబిస్" అన్నాడు. మన సైట్లలో బీహారు కుర్రాడైనా శ్రీకాకుళం కుర్రాడైనా పైకి అంటే హాబిస్, కిందికి అంటే ఆరియా. ఎప్పుడో ఓడల మీద పనిచేసే ఖలాసీల నుంచి వచ్చి అలాగే ఉండిపోయిన మాటలవి. లోడు సపోర్టు మీద నుంచి బెత్తెడు లేచిందో లేదో క్యాబిన్‌లో పసుపు లైటు వెలిగింది. స్క్రీను మీద 5.7.

ఆ రోజు సూపర్‌వైజర్ని నేనే. "క్యాలిబ్రేషన్ పోయినట్టుంది బాబాయ్, బైపాస్ కీ వేసి దించెయ్" అన్నాను వాకీటాకీలో. హద్దు దగ్గర క్రేన్ తనంతట తాను ఆగిపోకుండా, స్క్రీను అడ్డుని పక్కన పెట్టే తాళమది. డ్రాయింగులో అంత స్పష్టంగా రాసి ఉంటే ఇంకా అనుమానమేమిటన్నది నా ధైర్యం. పైగా టైము లేదు, టెన్షన్ ఒకటి. ఆపరేటరు పెద్దాయన. "డ్రాయింగులో బరువు సరే సార్, లోపల ఏముందో చూశారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోడుని మళ్లీ సపోర్టు మీదే కూర్చోబెట్టాడు. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే షెల్లులోంచి నీళ్లూ నల్లటి మడ్డీ గంటసేపు కారాయి. ఒక ఘనపు మీటరు నీళ్లంటే ఒక టన్ను. మిగతా లెక్క అందరికీ అక్కడే అర్థమైంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు "చూశారా, మెషీనే కరెక్టు" అంటారు. నిజమే. కానీ ఆ తర్వాత రెండేళ్లకి ఇంకో సైట్లో అలాంటి స్క్రీనే పచ్చగా వెలుగుతుండగా క్రేన్ ఒక కాలు నేల వదిలేసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఈ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప "సెన్సర్ని నమ్మాలా, మనిషిని నమ్మాలా" అనే వాదన ఎక్కడ చిక్కుపడిందో కనిపించదు.

స్క్రీను దేన్ని చూస్తుంది

క్యాబిన్‌లోని ఆ పెట్టెని కొందరు ఎల్‌ఎమ్‌ఐ అంటారు, కొందరు ఎస్‌ఎల్‌ఐ అంటారు. ఒకటి లోడ్ మూమెంట్ ఇండికేటర్, ఇంకోటి సేఫ్ లోడ్ ఇండికేటర్. పని ఒకటే. బరువు అంకెల్లో చూపిస్తుంది కాబట్టి కాటాలాంటిదని చాలామంది అనుకుంటారు. మామూలు టెలిస్కోపిక్ క్రేన్‌లో అది హుక్కుకి వేలాడే బరువుని నేరుగా తూచనే తూచదు. బూమ్‌ని, అంటే క్రేన్ సాగే చేతిని, కింద నుంచి మోసే పెద్ద జాకీ ఉంటుంది కదా, దాని రెండు వైపులా ఆయిల్ ఒత్తిడి ఎంతుందో రెండు సెన్సర్లు చూస్తాయి. బూమ్ ఎంత వాలిందో యాంగిల్ సెన్సర్ చెబుతుంది. ఎంత పొడుగు సాగిందో బూమ్ పక్కన చుట్టుకునే కేబుల్ రీలు చెబుతుంది. ఈ అంకెల్లోంచి బూమ్ సొంత బరువుని తీసేసి, హుక్కుకి ఎంత వేలాడుతుండాలో లోపలి కంప్యూటరు లెక్క కడుతుంది. ఇనప కడ్డీలతో జల్లెడలా అల్లిన బూమ్ ఉండి, చైన్ పట్టాల మీద నడిచే పెద్ద క్రాలర్ క్రేన్లలో మాత్రం రోపు లాగుడుని కొలిచే లోడ్ సెల్ ఉంటుంది.

అంటే నేను కొట్టిపారేయబోయిన 5.7 ఒక లెక్క తాలూకు జవాబు. లెక్కలో తేడా రావచ్చు, అందుకే దానికో హద్దు పెట్టారు. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం స్క్రీను చూపే బరువు అసలు బరువు కంటే తక్కువ ఉండకూడదు. ఎక్కువ చూపినా 10 శాతం దాటకూడదు. తప్పినా జాగ్రత్త వైపే తప్పాలన్నమాట. 4.2 టన్నులకి హుక్ బ్లాకు, స్లింగులు కలిపి, పైన ఇంకో పది శాతం వేసినా అయిదు దాటదు. క్యాలిబ్రేషన్ మీదకి నేను తోసిన తేడా అందులో ఇమిడేదే కాదు. ఆ రోజు నాకీ లెక్క తట్టలేదు.

బరువు ఒక్కటే తెలిస్తే సరిపోదు, అది ఎంత దూరంలో వేలాడుతోందన్నది అసలు సంగతి. తూగుడుబల్ల ఎక్కిన పిల్లలకి కూడా తెలిసిన విషయమే. 50 టన్నుల క్రేన్ అని మనం అద్దెకి తెచ్చుకునేది 50 టన్నులు ఎత్తేది బూమ్ పూర్తిగా ముడుచుకుని, మూడు మీటర్ల దూరంలో మాత్రమే. అదే క్రేన్ 20 మీటర్ల దూరానికి మోడల్‌ని బట్టి నాలుగైదు టన్నులే ఎత్తొచ్చు. క్రేన్ పక్కన రాసి ఉన్న ఆ 50 చూసి గుండె నిబ్బరం చేసుకునే ఇంజనీర్లని చాలామందినే చూశాను.

ఈ దూరం లెక్కలో మనిషి కన్ను దారుణంగా మోసపోతుంది. సీటులో కూర్చుని 16 మీటర్లకీ 18 మీటర్లకీ తేడా చెప్పగలవాడు అరుదు. లిఫ్టుకి ముందు టేపుతో కొలిచినా, లోడు పడ్డాక పొడుగు బూమ్ విల్లులా వంగి దూరం ఇంకాస్త పెరుగుతుంది. మంచి ఎల్‌ఎమ్‌ఐ ఆ వంపుని కూడా లెక్కలో వేసుకుంటుంది. సామర్థ్యంలో 90 శాతం దగ్గర పసుపు, 100 దాటితే ఎరుపు. ఎరుపుతో పాటే హుక్కు పైకెత్తడం, బూమ్ వాల్చడం, సాగదీయడం ఆగిపోతాయి. లోడుని కిందికి దించడం మాత్రం ఆగదు. బరువూ దూరమూ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు: స్క్రీను మాటే వినాలి. ముప్పై ఏళ్ల సర్వీసున్న ఆపరేటరైనా సరే.

స్క్రీనుకి మనం చెప్పేవి

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. క్రేన్ ఒరగకుండా పక్కలకి చాపి నేలకి ఆనించే కాళ్లు పూర్తిగా చాపామా సగమే చాపామా, వెనక కౌంటర్‌వెయిట్ ఎన్ని దిమ్మలు పెట్టాం, హుక్కుకి రోపు ఎన్ని ఫాల్స్ (వరసలు) వేశాం, బూమ్ కొసకి జిబ్ అనే అదనపు చెయ్యి తగిలించామా లేదా... వీటిని చాలా క్రేన్లలో మనిషే బటన్లు నొక్కి చెప్పాలి. కొత్త క్రేన్లలో కాళ్ల పొడుగుకి సెన్సర్లు వచ్చాయి. మన అద్దె మార్కెట్‌లో తిరిగే పాత క్రేన్లలో ఎక్కువ వాటికి అవి లేవు.

ఇందాక చెప్పిన రెండో సంగతి ఇదే. ఒక వైపు కాంపౌండ్ గోడ, దాని పక్కనే డ్రెయిను. ఎడమ కాళ్లు సగమే చాపగలిగాం. ముందు షిఫ్టులో క్రేన్ ఇంకో చోట, నాలుగు కాళ్లూ పూర్తిగా చాపి పనిచేసింది. స్క్రీనుకి అప్పుడు నొక్కి చెప్పిన కోడు అలాగే ఉండిపోయింది. రెండో షిఫ్టు ఆపరేటరు కుర్రాడు, తెలివైనవాడే, స్క్రీను చూసుకుంటూనే ఎత్తాడు. లోడుని ఎడమవైపుకి తిప్పుతుంటే స్క్రీను మీద 68 శాతం, పచ్చ లైటు. పద్ధతి ప్రకారం ఏ తప్పూ లేదు.

కుడి వెనక కాలి జాకీ దగ్గర హెల్పరు నిలబడి ఉన్నాడు. జాకీ కింద ఇనప ప్లేటు, దాని కింద చెక్క స్లీపర్లు. ఎవరు నేర్పారో గానీ వాడికో అలవాటు, ఊరికే ఉన్నప్పుడల్లా ప్లేటు అంచుని బూటుతో తంతూ ఉంటాడు. బరువు మీదున్న ప్లేటు కొండలా ఉంటుంది, తంతే కాలే నొప్పి పుడుతుంది. ఆ సారి ప్లేటు జరిగింది. "అన్నా ఆగన్నా, కాలు తేలింది!" అని వాడు అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. కుర్రాడు తిప్పడం ఆపి లోడుని ఉన్నచోటే నేలకి దించాడు. నేలకీ లోడుకీ మధ్య మీటరు కూడా లేకపోవడం మా అదృష్టం.

స్క్రీను ఆ రోజు అబద్ధం చెప్పలేదు. కాళ్లు నాలుగూ పూర్తిగా చాపిన క్రేన్‌కి ఆ లోడు 68 శాతమే. అలాంటి క్రేన్ అక్కడ లేదు, అంతే. సెన్సరు లోపల ఎప్పుడూ ఎవరో ఒక మనిషి నిర్ణయం దాగి ఉంటుంది. ఆ మనిషి షిఫ్టు దిగి ఇంటికెళ్లిపోయి ఉండొచ్చు కూడా.

సీటు చెప్పేది ఎంతవరకు

పాత ఆపరేటర్లు "సీటు చెబుతుంది" అంటారు. మూఢనమ్మకం కాదిది. లోడు హద్దుకి చేరుతున్నప్పుడు క్రేన్ ఒళ్లు తేలికవడం, ఇంజను గొంతు మారడం, తిప్పితే ఒక వైపు జారినట్టుండటం నిజంగానే తెలుస్తాయి. పాత మెషీన్లలో లివరు నేరుగా వాల్వుకి కలిసి ఉండేది కాబట్టి ఆయిల్ ఒత్తిడి చేతికి తగిలేది. ఇప్పుడు జాయ్‌స్టిక్ కింద ఉన్నది ఒక ఎలక్ట్రికల్ సిగ్నల్. క్యాబిన్‌కి ఏసీ, అద్దాలు బిగింపు. మే నెల ఎండలో ఏసీ వద్దని ఎవడూ అనడు గానీ, చెవికి అందే సమాచారం సగం దానితో పోయింది. సీటు నోరు మెల్లమెల్లగా మూతపడుతోంది.

అసలు పెద్ద ప్రమాదం ఇంకోటుంది. దీన్ని పదేళ్ల సర్వీసున్నవాళ్లు కూడా పట్టించుకోవడం తక్కువ. ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే లోడ్ చార్టులోని అంకెలన్నీ ఒకే కారణం మీద పెట్టినవి కావు. దూరంగా ఎత్తేటప్పుడు క్రేన్ పల్టీ కొడుతుందన్న భయంతో పెట్టిన హద్దు ఉంటుంది. దగ్గరగా, పెద్ద బరువు ఎత్తేటప్పుడు పల్టీ కొట్టదు. బూమో, జాకీయో, తిరిగే బేరింగో ముందు విరుగుతుంది. అక్కడ హద్దు ఇనుము బలం మీద పెట్టింది. చాలా పాత చార్టుల్లో ఈ రెంటి మధ్య ఒక మందపాటి గీత ఉండేది.

ఇప్పుడు సీటు సంగతి చూడండి. గీత కింద, పల్టీ భయం ఉన్నచోట సీటు మాట్లాడుతుంది, వెనక కాలు తేలికవుతుంది. గీత పైన సీటు ఒక్క మాటా మాట్లాడదు. క్రేన్ రాయిలా నిలబడి ఉంటుంది, ఆపరేటరుకి ధైర్యంగా ఉంటుంది, బూమ్ ఒక్కసారిగా మడత పడుతుంది. "నా సర్వీసులో ఎన్ని లోడ్లు ఎత్తాను, నాకు తెలీదా" అనేవాడి అనుభవం చార్టులో సగభాగానికే పనికొస్తుంది. మిగతా సగంలో అతని ధైర్యమే అతనికి శత్రువు.

మాట్లాడే చోట కూడా సీటు ఆలస్యంగా మాట్లాడుతుంది. అమెరికా పద్ధతిలో కాళ్ల మీద నిలబెట్టిన క్రేన్‌కి, పల్టీ కొట్టే బరువులో 85 శాతానికి మించి చార్టులో రాయకూడదు. క్రాలర్లకైతే 75. కాలు తేలిందంటే ఆ మిగిలిన 15 శాతాన్నీ చాలావరకు తినేశామన్నమాట.

లోడుతోనే నడిచే మన చిన్న క్రేన్లు, హైడ్రాల దగ్గరికొస్తే ఈ చర్చకే చోటు లేదు. చాలా పాత హైడ్రాల్లో స్క్రీనే ఉండదు. లోడుని ముందు వేలాడదీసుకుని హైడ్రా రోడ్డంతా నెమ్మదిగా నడుస్తుంది, మలుపులో నడుం దగ్గర వంగుతుంది, వంగినప్పుడు దాని సామర్థ్యం పడిపోతుంది. పక్కనే హెల్పరు లోడుని చేత్తో పట్టుకుని నడుస్తుంటాడు. అక్కడ సెన్సరూ మనిషే, కౌంటర్‌వెయిట్టూ ఒక్కోసారి మనిషే. వెనక ఎక్కి నిలబడమని హెల్పర్లని పిలిచే దృశ్యం చూడనివాళ్లు సైటు చూడనట్టే.

నేల సంగతి ఎవరు చెప్పాలి

చిన్న లెక్క వేద్దాం. క్రేన్ 40 టన్నులు, లోడు 10 టన్నులు, మొత్తం 50. బూమ్ ఒక కాలు మీదుగా తిరిగినప్పుడు ఆ మొత్తంలో 70 శాతం దాకా ఆ ఒక్క కాలి మీదే పడొచ్చు, అంటే 35 టన్నులు. కాలి కింద క్రేన్‌తో వచ్చే ప్లేటు రెండడుగుల చదరం, సుమారు 60 సెంటీమీటర్లు. చదరపు మీటరుకి లెక్కేస్తే 97 టన్నుల ఒత్తిడి. వాన పడిన నల్లరేగడి పది టన్నులు మోయడమే గగనం. కింద గట్టి స్లీపర్లతో రెండు మీటర్ల చదరం పరుపు వేస్తే అదే ఒత్తిడి 9 టన్నులకి దిగుతుంది. నాలుగు చెక్కల్లో ఇంత తేడా ఉంది.

ఈ లెక్కలో ఏ భాగమూ స్క్రీనుకి తెలీదు. ఆ నేల కింద నెల క్రితం పైపులైను కోసం తవ్వి వదులుగా పూడ్చిన గొయ్యి ఉందని స్క్రీనుకి ఎవరు చెబుతారు? అక్కడ టీ కొట్టు పెట్టుకున్నవాడిని అడిగితే చెబుతాడు. కాలు ఒక వైపు కుంగి క్రేన్ ఒక డిగ్రీ వాలితే, 40 మీటర్ల ఎత్తున బూమ్ కొస 70 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. చార్టులోని ప్రతి అంకే క్రేన్ సమంగా నిలబడిందని నమ్మి రాసినదే. అందుకే క్యాబిన్ దగ్గర చిన్న రసమట్టం ఉంటుంది, గాజు లోపల బుడగ, అంతే. దాని ధర స్క్రీను ధరలో నూరో వంతు కూడా ఉండదు.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2010లో తెచ్చిన క్రేన్ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పరికరాల్ని వాళ్లు రెండు వర్గాలు చేశారు. రసమట్టం, హారన్, బూమ్ స్టాపు లాంటివి భద్రతా పరికరాలు. వీటిలో ఒకటి పనిచేయకపోయినా క్రేన్ కదలకూడదు. ఎల్‌ఎమ్‌ఐ మాత్రం పనికి సాయపడే పరికరాల జాబితాలో ఉంది. అది చెడిపోతే, వేరే పద్ధతిలో బరువు తేల్చుకుంటూ 30 రోజుల లోపు బాగు చేయించుకోవచ్చు. ఏదో లక్షల ఖరీదు చేసే కంప్యూటరు లేకున్నా కొన్నాళ్లు నడుస్తుంది గానీ బుడగ లేకపోతే నడవదు! మొదటిసారి చదివినప్పుడు తలకిందులుగా ఉందేమిటనిపించింది. బరువుని కాగితం మీద ఇంకో దారిలో తేల్చవచ్చు, వాలుని కంటితో తేల్చలేం అని ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. మన దేశంలో 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు కూడా ఆటోమేటిక్ సేఫ్ లోడ్ ఇండికేటర్ ఉండాలనే చెప్పాయి. కాగితం మీద మనమేమీ వెనకబడి లేము.

గాలి విషయంలో ఇద్దరూ సగం సగమే

1999 జూలై 14న అమెరికాలోని మిల్వాకీలో మిల్లర్ పార్క్ స్టేడియం కడుతుండగా "బిగ్ బ్లూ" అనే భారీ క్రేన్ కూలింది. స్టేడియం పైకప్పు ముక్కని, అమెరికా లెక్కలో 450 టన్నుల పైచిలుకుని, ఎత్తుతుండగా జరిగింది. వేరే క్రేన్‌కి వేలాడే బుట్టలో ఉన్న ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. క్రేన్ మీద పడే గాలి చార్టు లెక్కలో ఉంది. వేలాడుతున్న ఆ పెద్ద తెరచాపలాంటి ముక్క మీద పడే గాలిని ఎవరూ లెక్క కట్టలేదని విచారణలో బయటపడింది.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. సెకనుకి 10 మీటర్ల గాలి, అంటే గంటకి 36 కిలోమీటర్లు, 100 చదరపు మీటర్ల రేకు మీద పడితే పక్కకి 600 కిలోలకు పైగా తోస్తుంది. అదే గాలి 20 మీటర్లయితే రెండున్నర టన్నులు. బూమ్ నిలువుగా మోయడానికి కట్టింది, పక్క నుంచి తోస్తే దానికి బలం తక్కువ. ఎల్‌ఎమ్‌ఐ నిలువు లెక్క చూస్తుంది కాబట్టి ఈ పక్కతోపు స్క్రీను మీద ఎక్కడా కనబడదు.

మనిషి ఇక్కడ మెరుగా? అనంతపురం, కర్నూలు వైపు గాలిమరలు నిలబెట్టే చోట కింద నిలబడి చూస్తే చొక్కా కూడా ఊగదు. వంద మీటర్ల పైన రెక్కని పట్టుకున్న తాళ్లు బిగుసుకుని మోగుతుంటాయి. కింద ఉన్నవాడి ఒంటికి పై గాలి తెలిసే దారే లేదు, బూమ్ కొసన తిరిగే గాలి మీటరే చెప్పాలి. మీటరు వేగం చెబుతుంది. ఆ వేగానికి ఈ లోడు ఎంత వెడల్పున అడ్డం నిలబడిందో మనిషే చెప్పాలి. ఆ రెండింటినీ కలిపి చూసేవాడు ఒకడుండాలి. మిల్వాకీలో ఆ కలపడమే జరగలేదు.

రెండు మూడు క్రేన్లు కలిసి ఒకే లోడు ఎత్తేటప్పుడూ ఇదే గొడవ. ఎవరి స్క్రీను వాళ్ల క్రేన్ వరకే చూస్తుంది. ఒకడు కాస్త ముందు ఎత్తితే బరువు రెండోవాడి మీదకి జారుతుంది, అది వాడి స్క్రీను మీద కనబడేసరికే జరిగిపోయి ఉంటుంది.

కీ ఎందుకు తిరుగుతుంది

బైపాస్ కీ తిప్పినవాణ్ని తిట్టడం తేలిక. వాడెందుకు తిప్పాడో అడిగేవాళ్లు తక్కువ. వానలో తడిసిన కనెక్టరు, దుమ్ము పట్టిన కేబుల్ రీలు, తెగి అతికించిన వైరు. ఒక వారంలో పది సార్లు ఉత్తినే కూసిన బజరు పదకొండోసారి నిజంగా కూసినా చెవికెక్కదు. హుక్ బ్లాకు బూమ్ కొసకి తగలకుండా ఆపే స్విచ్చు ఒకటుంటుంది, గొలుసుకి చిన్న బరువు వేలాడుతుంటుంది. బ్లాకు వచ్చి ఆ బరువుని ఎత్తితే హుక్కు ఆగుతుంది. ఆ బరువుని బైండింగ్ వైరుతో శాశ్వతంగా కట్టేసిన క్రేన్లని నేను ఒకటి రెండు కాదు, చాలా చూశాను. ఇంకో అడుగు ఎత్తు కావాలి, లోడు అక్కడ కూర్చోదు, కింద నలుగురు ఎదురుచూస్తున్నారు. వైరు ముక్క ఖర్చు లేనిది.

బాగు చేయించమంటే "ఇంకో రెండు రోజుల్లో పని అయిపోతుంది కదా" అంటాడు అద్దెకి తెచ్చినవాడు. "సర్వీసు ఇంజనీరు వచ్చేదాకా క్రేన్ ఆపితే హైర్ ఎవరిస్తారు?" అంటాడు ఓనరు. మధ్యలో నెల జీతం, రోజు బత్తా మీద బతికే ఆపరేటరు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు చెప్పేదొకటుంది: అక్కడ పెద్ద సైట్లలో ఎల్‌ఎమ్‌ఐ పనిచేయకపోతే క్రేన్ గేటు దాటదు, ఇన్‌స్పెక్షన్ స్టిక్కరు రాదు. అదే కుర్రాడు ఇక్కడికొచ్చి నెల తిరక్కుండా కీ తిప్పుతాడు. మనిషి మారలేదు, గేటు మారింది.

ఇప్పుడు కొన్ని స్క్రీన్లు ఎంత లోడు ఎప్పుడు ఎత్తారో, కీ ఎన్నిసార్లు తిప్పారో దాచిపెట్టుకుంటాయి. ఓనరు ఫోనులోనే చూసుకోవచ్చు. మంచిదే. కానీ ఆపరేటరు దృష్టిలో ఆ పెట్టె ఇప్పుడు పోలీసు. తోడుగా ఉండాల్సింది కాపలాగా మారితే, దాని కళ్లుగప్పడమే ఒక నైపుణ్యం అయిపోతుంది.

క్రేన్లు దాటి

ప్రొక్లెయిన్లకి జీపీఎస్ వచ్చింది. ఎంత లోతు తవ్వాలో స్క్రీనే చెబుతుంది, మట్టం పట్టే మనిషి గోతిలోకి దిగక్కర్లేదు. గోతిలో మనిషి లేకపోవడమే పెద్ద లాభం. కానీ బకెట్ కొస ఎక్కడుందో అది బకెట్ కొలతల నుంచి లెక్క కడుతుంది. రాతినేలలో పళ్లు నాలుగు సెంటీమీటర్లు అరిగాక కొలత మార్చకపోతే, గొయ్యి అడుగు నాలుగు సెంటీమీటర్లు పైనే ఉండిపోతుంది. స్క్రీను మీద అంతా సరిగ్గానే ఉంటుంది.

సెన్సర్లు మనిషిని నూటికి నూరు శాతం ఓడించిన చోటు చెప్పమంటే అమెరికాలో ఉటా రాష్ట్రంలోని బింగమ్ కాన్యన్ రాగి గని చెబుతాను. 2013లో ఒక వైపు గోడ కదులుతోందని రాడార్లు, ఇతర పరికరాలు ఫిబ్రవరి నుంచే పట్టాయి. కంటికి ఆనని కదలిక మెల్లగా పెరిగి రోజుకి అయిదు సెంటీమీటర్ల దాకా వెళ్లింది. ఏప్రిల్ 10 పగలే గనిని ఖాళీ చేశారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి, గంటన్నర తర్వాత ఇంకోసారి కొండ జారింది, మొత్తం సుమారు ఆరున్నర కోట్ల ఘనపు మీటర్లు. ఒక్క ప్రాణం పోలేదు. అయితే జారిన మట్టి ఎంత దూరం పారుతుందన్న అంచనా మాత్రం తప్పింది. సురక్షితమనుకుని గని అడుగున ఉంచిన డంపర్లు, షావెళ్లు మట్టి పాలయ్యాయి. గోడ కదులుతోందని చెప్పింది రాడార్. ఎంత దూరం పారుతుందన్నది మనుషులు కూర్చుని ఊహించింది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో కూడా ఇలాంటి రాడార్లు గట్లని చూస్తున్నాయి. రాడార్ మోగినప్పుడు షిఫ్టు బొగ్గు టార్గెట్ పక్కన పెట్టి మనుషుల్ని పైకి రమ్మనగల అధికారం ఎవరి చేతిలో ఉందన్నది అక్కడా ముఖ్యమే.

ఇంకొక్కటి. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల కొత్త క్రేన్ ట్రయల్స్‌లో కూలి 11 మంది చనిపోయారు. దాని కారణాల జోలికి నేను వెళ్లను. ట్రయల్ అనే మాట దగ్గర మాత్రం ఆగుతాను. సాధారణంగా లోడ్ టెస్టులో సామర్థ్యానికి మించి, 125 శాతం దాకా, కావాలనే ఎత్తుతారు. ఆ రోజున సెన్సర్లు ఇంకా రుజువు కాలేదు, మెషీను ఆపరేటరు చేతికి అలవాటూ కాలేదు. నమ్మడానికి ఎవరూ లేని రోజది. అలాంటి రోజు క్రేన్ కింద, క్రేన్ మీద ఎంతమంది తక్కువ ఉంటే అంత మంచిది. మన దగ్గర ట్రయల్ అంటే చూడటానికి పదిమంది గుమిగూడతారు.

రెండూ గొడవపడితే

స్క్రీనూ మనిషీ చెరో మాట చెప్పినప్పుడు ఎవరిది నెగ్గాలి? నేను ఇప్పుడు పాటించేది, నలుగురికి చెప్పేది: ఇద్దరిలో ఎవరు "ఆగు" అంటే వాళ్లది. స్క్రీను ఎరుపు చూపిస్తే సీటు ఎంత బాగున్నా ఆగాలి. స్క్రీను పచ్చగా ఉన్నా హెల్పరు ప్లేటు కదిలిందంటే ఆగాలి. ఆగాక తేడా ఎందుకొచ్చిందో మూడో దారిలో తేల్చాలి. ఇనప ప్లేటు చదరపు మీటరుకి, మిల్లీమీటరు మందానికి ఎనిమిది కిలోల లెక్క కట్టడమో, డ్రెయిన్ ప్లగ్గు విప్పడమో, టేపు పట్టి దూరం కొలవడమో. ఓషా నిబంధనల్లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. బరువు ఖాయంగా తెలియని లోడుని ఎత్తి చూసినప్పుడు, వెళ్లబోయే అతి దూరానికి ఉన్న సామర్థ్యంలో 75 శాతం దాటినట్టు స్క్రీను చూపిస్తే, బరువుని ఇంకో దారిలో రుజువు చేసుకునేదాకా ముందుకి పోకూడదు.

హీట్ ఎక్స్ఛేంజర్ రోజున నన్ను ఆపిన పెద్దాయన దగ్గర ఇంకో అలవాటు చూశాను. ఏ సైటుకి వెళ్లినా ముందు తనకి ఖాయంగా బరువు తెలిసిన వస్తువొకటి వెతుక్కుంటాడు. ఎక్కువసార్లు అది కౌంటర్‌వెయిట్ దిమ్మే, బరువు దాని మీదే పోత పోసి ఉంటుంది. పొద్దున్నే, ఎవరూ రాకముందు, దాన్ని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి బెత్తెడు ఎత్తి దించుతాడు. అయిదు నిమిషాల పని. స్క్రీను అంకెకీ దిమ్మ మీది అంకెకీ ఎంత తేడా ఉందో క్యాబిన్ అద్దం మూలన మార్కరుతో రాసుకుంటాడు. ఆ రోజు అద్దం మీద ఉన్నది ప్లస్ 0.2. నేను కీ తిప్పమన్నప్పుడు ఆయన కళ్ల ముందున్న అంకె అది.